పి.పి. కాల్

సాయంత్రం ఐదయ్యేసరికి
మనోరంజితమ్మ గారికి డ్యూటీ టైమవుతుంది.
వేళచ్చేరిలో మూడో అంతస్తు, కిటికీ అవతల ఎత్తు పట్టాల మీద రైలు.
కుచ్చిళ్ళు సర్దుకుని చెప్పుల కోసం వెతుకుతుంది.
"సంతకాల పుస్తకం తీసేస్తారు, తలుపు తియ్యండి."

చేరిన కొత్తలో నేను చెప్పేదాన్ని:
ట్రంకు ఎక్స్చేంజీ ఎప్పుడో ఎత్తేశారమ్మా,
మీకు ఎనభై మూడేళ్ళు, పెన్షను కూడా వస్తోంది.
చెప్పిన ప్రతిసారీ
ఆమెకి అప్పుడే ఉద్యోగం పోయేది.
గొళ్ళెం పట్టుకుని ఏడ్చేది.
నేను అబద్ధమేం చెప్పలేదు.
ఇడ్లీలు చల్లారిపోయేవి.

ఒకరోజు నా సెల్లులో బ్యాలెన్సు అయిపోయి ఉంది.
విసుగులో అన్నానో, ఎందుకన్నానో
"అమ్మా, నాయుడుపేటకి ఒక కాల్ కావాలి."

చేతిలో చెప్పు వదిలేసింది.
కుర్చీ లాక్కుని వెన్ను నిటారుగా కూర్చుంది,
చెవి మీది జుట్టు వెనక్కి తోసి
లేని హెడ్‌సెట్టు తగిలించుకుంది.
"ఆర్డినరీనా, అర్జెంటా?"
తేడా ఎంతమ్మా?
"అర్జెంటు రెట్టింపు. ఎవరన్నా పోయారా?"
లేదు.
"అయితే ఆర్డినరీ చాలు. డబ్బులు ఊరికే రావు."
బల్ల మీది అల్లికగుడ్డ కన్నాల్లో వేళ్ళు దూర్చి వెతికింది.
"సూళ్ళూరుపేటా? మెడ్రాసు. నాయుడుపేట ఇవ్వమ్మా...
మాట్లాడండి. మూడు నిమిషాలు."

ఎవరితో మాట్లాడాలో నేను అనుకోనే లేదు.
నోట్లోంచి వచ్చింది మా చెల్లెలు కరుణ పేరు.
కమ్మల గొడవై రెండేళ్ళు, మాటల్లేవు.
ఏమేం అన్నానో సగం గుర్తులేదు,
అరిచాను కూడా.
"టైమయింది, పొడిగించమంటారా?"
వద్దన్నాను.
హెడ్‌సెట్టు తీసి ఒళ్ళో పెట్టుకుని, గొంతు తగ్గించి,
"వినకూడదు ఎస్తేరూ. లైను తెగిందేమో చూడాలిగా, అందుకు విన్నా.
ఆ కమ్మలు ఇచ్చెయ్యి."

నా పేరు ఆమె పలకడం అదే మొదలు.

రిజిస్టరులో మాత్రలకి గడి ఉంది,
మూత్రానికుంది, నిద్రకుంది.
"ఇతరములు" దగ్గర రాశాను:
నాయుడుపేట, ఆర్డినరీ, మూడు నిమిషాలు. భోజనం పూర్తిగా చేశారు.
హెడ్ నర్సు అది చదివి నవ్వింది.
మర్నాడు టీ టైముకి వచ్చి నించుంది,
తిరునల్వేలికి దొరుకుతుందా అని.

ఆదివారాలు తమ్ముడి కొడుకు ప్రభాకరం వస్తాడు.
"అత్తా, నేనెవరో చెప్పు?"
ఇన్స్పెక్టరు వచ్చిన క్లాసులో పిల్లలా
ఆమె మొహం తెల్లబోతుంది.
తప్పిపోయిన ఆ జవాబు
సోమవారం మధ్యాహ్నం దాకా ఆమెని వదలదు.
ఈసారి అతన్ని వరండాలోకి పిలిచి చెప్పాను,
అడగొద్దు సార్, కాల్ బుక్ చెయ్యండి.

సిగ్గుపడుతూ కూర్చున్నాడు.
"రాణిపేట నుంచి మెడ్రాసుకి."
"నంబరా, పి.పి.నా?"
పి.పి. అంటే?
"ఆ మనిషే కావాలని. ఇంకెవరు ఎత్తినా లెక్కలోకి రాదు,
ఆ మనిషి వచ్చేదాకా ఆగాలి."
కొంచెంసేపు నేల చూశాడు.
"పి.పి.నే. మనోరంజితం గారు కావాలి."

వేళ్ళు అల్లిక కన్నాల మీద నిలిచిపోయాయి.
"ఆమె డ్యూటీలో ఉంది," అంది.
"ఆగగలరా?"
ఆగుతానన్నాడు.
చెవికి అరచెయ్యి ఆనించుకుని అలాగే కూర్చున్నాడు,
బ్యాంకు మేనేజరు, యాభై ఆరేళ్ళు.
రైలు వెళ్ళింది. ఇంకోటి వచ్చింది.
కాఫీ మీద తొరక కట్టింది.
ఆమె ఎడమచేత్తో, చూడకుండానే,
ఆ కప్పు అతని వైపు జరిపింది.

కరుణకి నేను నిజం ఫోనులో చేశాను.
మోగింది, ఎత్తలేదు.
సంగతి చెబితే మనోరంజితమ్మ గారు
"నో రిప్లై" అని గాలిలో చీటీ రాసి
చెంగులో దోపుకుంది.

ఏడింటికి నా డ్యూటీ దిగుతుంది.
లిఫ్టు దగ్గరికి వెళ్తుంటే వెనకనుంచి
"లైను వదలొద్దు" అంటుంది,
నాతోనో, సూళ్ళూరుపేటతోనో.